ఎనిమిది అంగుళాలన్నారు, నేల కూడా తెల్లబడలేదు

ఈసారి ప్రశ్నలన్నీ అమెరికా తూర్పు తీరపు మంచు తుఫాన్ల మీద. దూరాలు కిలోమీటర్లలోనే చెప్పాం కానీ, మంచు లోతు మాత్రం అక్కడి అలవాటు ప్రకారం అంగుళాల్లో ఇచ్చాం. అంగుళమంటే రెండున్నర సెంటీమీటర్లు. ఇంకో మాట. మనకు సంక్రాంతి ముందు తెల్లారుజామున కమ్మేదీ మంచే, గడ్డిపోచ మీద నిలిచే చుక్కా మంచే. ఇక్కడ మంచు అంటే స్నో ఒక్కటే.

ప్రశ్న: శనివారం తుఫాను వస్తుందని మా ఫోన్ సోమవారం నాడు 14 అంగుళాలు చూపించింది. మంగళవారానికి 5 అయింది. బుధవారం 10. ఏ రోజు మాట నమ్మాలండీ?
– ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: మూడింటిలో ఏదీ నమ్మకండి. ఫోన్‌లో కనిపించే ఆ ఒక్క అంకె చాలా యాప్‌లలో మనిషి కంట పడకుండానే వచ్చేస్తుంది. ఏదో ఒక మోడల్, అంటే వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం, వేసిన లెక్కనో, రెండు మూడు లెక్కల మిశ్రమాన్నో తెచ్చి తెర మీద పెడతారు. అమెరికా వాళ్ల జీఎఫ్‌ఎస్ మోడల్, యూరప్ వాతావరణ కేంద్రం వాళ్ల మోడల్ రెండూ రోజుకు నాలుగుసార్లు మొదటి నుంచి లెక్క వేస్తాయి. లెక్క మారిన ప్రతిసారీ మీ అంకె ఎగిరి గంతేస్తుంది.

అసలు చిక్కు మోడల్‌కు మొదట ఇచ్చే కొలతల్లో ఉంది. సోమవారం నాటికి మీ శనివారం తుఫాను పుట్టనే లేదు. దానికి బీజం పసిఫిక్ మీద ఎనిమిది పది కిలోమీటర్ల ఎత్తున వీచే గాలిలో చిన్న వంపుగా ఉంటుంది. నేల మీదైతే రోజుకు రెండుసార్లు, మీ గడియారంలో చలికాలం ఉదయం 7, సాయంత్రం 7 లెక్కకు, బెలూన్లు ఎగరేసి గాలి వేడిమినీ తేమనూ వేగాన్నీ పొర పొరగా కొలుస్తారు. నడిసముద్రంలో ఆ వసతి దాదాపు లేదు. ఉపగ్రహాలు, ఆ దారిన పోయే విమానాలే దిక్కు. అవసరమైతే ప్రత్యేకంగా విమానం పంపి పరికరాలు జారవిడుస్తారు. ఆ వంపు కాలిఫోర్నియా తీరం దాటి బెలూన్ల పరిధిలోకి వచ్చిన రోజున అంచనా కుదుటపడటం తరచూ చూస్తాం. ఈ మధ్య ఉపగ్రహాలు మెరుగుపడి ఆ తేడా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

కొలతల్లో లోపం ఎలాగూ తప్పదని తెలుసు కాబట్టి 1992 నుంచి ఇంకో పద్ధతి నడుస్తోంది. ఆరంభపు కొలతలను కొద్దికొద్దిగా మార్చి ఒకే తుఫానును అనేకసార్లు లెక్కిస్తారు. దీన్ని ఎన్‌సెంబుల్ అంటారు. ఇప్పుడు యూరప్ కేంద్రం 51 లెక్కలు వేస్తుంది, అమెరికా జీఎఫ్‌ఎస్ కుటుంబం 31. ఇక్కడే జనం బోల్తా పడతారు. 51 లెక్కల సగటు 8 అంగుళాలు వచ్చిందనుకోండి. లోపల చూస్తే 26 లెక్కల్లో తుఫాను తీరానికి దూరంగా పోయి 2 అంగుళాలు పడుతుంది, 25 లెక్కల్లో ఒరుసుకుని పోయి 14 పడుతుంది. ఎనిమిది అన్న లెక్క ఒక్కటీ లేదు! సగటు పేరుతో, అన్నిటికంటే జరిగే అవకాశం తక్కువున్న అంకె మీ ఫోన్‌లోకి వచ్చి కూర్చుంటుంది.

మరేం చూడాలి? అమెరికా ప్రభుత్వ వాతావరణ శాఖ, నేషనల్ వెదర్ సర్వీస్ సైట్‌లో మీ ఊరి పిన్ కొట్టండి. మంచు తుఫాను ఉన్నప్పుడు ప్రాబబిలిటీ పటాలు పెడతారు. వాటిలో మూడు అంకెలుంటాయి: అవుతుందనుకునేది, తక్కువ వైపు హద్దు, ఎక్కువ వైపు హద్దు. తక్కువ హద్దు 1 అని ఉంటే కనీసం అంగుళమైనా పడటానికి పదికి తొమ్మిది పాళ్లు అవకాశం. ఎక్కువ హద్దు 13 అని ఉంటే దాన్ని మించి పడటానికి పదిలో ఒక పాలు. ఈ రెంటి మధ్య దూరమే అసలు వార్త. ఒకటికీ పదమూడుకీ మధ్య ఊగుతోందంటే అంచనా ఇంకా పచ్చిగానే ఉందన్నమాట. అది 5–9కి దగ్గరపడ్డాక నమ్మండి. అదే సైట్‌లో ఫోర్‌కాస్ట్ డిస్కషన్ అనే పేజీ ఉంటుంది. డ్యూటీలో ఉన్నవాళ్లు తమకు ఎక్కడ అనుమానముందో అందులో తామే రాస్తారు. పరిభాష కాస్త గట్టిదే అయినా నాలుగు రోజులు చదివితే అలవాటవుతుంది.

మీ ఎడిసన్‌కు ప్రత్యేకంగా ఒక సంగతి. మీ మిడిల్‌సెక్స్ కౌంటీ ఆ సర్వీస్ వాళ్ల మౌంట్ హోలీ ఆఫీసు కిందకి వస్తుంది. పక్కనే ఉన్న యూనియన్ కౌంటీ న్యూయార్క్ ఆఫీసుది. అందువల్ల ఒక్కోసారి రోడ్డుకు ఇవతల 6–8, అవతల 8–12 అని కనిపిస్తుంది. అది వాతావరణంలో తేడా కాదు, రెండు ఆఫీసుల అభిప్రాయంలో తేడా. అలాంటప్పుడు రెండూ చదవండి.

ప్రశ్న: 2015 జనవరిలో న్యూయార్క్‌ను మూసేసి మరీ ఎదురుచూస్తే తుఫాను రాలేదని ఇప్పటికీ ఎగతాళి చేస్తుంటారు. అంత పెద్ద తప్పు ఎలా జరిగింది?
– జెర్సీ సిటీ

జవాబు: తుఫాను వచ్చింది. న్యూయార్క్ మీదికి రాలేదు, అంతే.

ఆ జనవరి 26న నగరానికి 20 నుంచి 30 అంగుళాలన్నారు. రాత్రి 11 తర్వాత కార్లు తిరగకూడదన్నారు, సబ్‌వే ఆపేశారు. మంచు కోసం సబ్‌వే మూయడం అదే మొదటిసారి. తెల్లారి సెంట్రల్ పార్కులో కొలిస్తే 9.8 అంగుళాలు. అక్కడికి తూర్పున సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, లాంగ్ ఐలండ్‌లోని ఐస్లిప్‌లో 24.9. మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో 34.5, ఆ ఊరి రికార్డు. ఫిలడెల్ఫియాలో ఒకటి రెండు అంగుళాలతో సరి. తుఫాను అనుకున్న దారికి 80–120 కిలోమీటర్లు తూర్పుగా నడిచింది. వెయ్యి కిలోమీటర్లకు పైగా విస్తరించిన వ్యవస్థలో అదెంత? చెయ్యెత్తు మనిషికి జానెడంత. కానీ పడమటి అంచు సరిగ్గా నగరం మీద పడింది.

ఈ తుఫాన్లను అక్కడ నార్‌ఈస్టర్లంటారు. వాటికి ఒక గుర్తుంది: ఉత్తర అక్షాంశం 40, పశ్చిమ రేఖాంశం 70 కలిసేచోటు. మసాచుసెట్స్‌లోని నాంటకెట్ దీవికి దక్షిణంగా సముద్రంలో ఉంటుంది. అల్పపీడన కేంద్రం దాని మీదుగానో దగ్గర్నుంచో పోతే న్యూయార్క్ నుంచి బోస్టన్ దాకా మంచు దండిగా పడుతుంది. తీరం వైపు జరిగితే సముద్రపు వెచ్చగాలి లోపలికి వచ్చి ఊళ్లలో వాన, కొండల్లో మంచు. బయటికి జరిగితే మేఘాలు చూసి ఇంటికి పోవడమే.

దారి సరిగ్గా చెప్పినా ఇంకో చిక్కుంటుంది. మంచు అంతటా సమంగా పడదు. కేంద్రానికి వాయవ్యంగా, చలిగాలీ వెచ్చగాలీ ఒరుసుకునే చోట 20–50 కిలోమీటర్ల వెడల్పున ఒక పట్టీ ఏర్పడుతుంది. దాని కింద గంటకు 2–3 అంగుళాలు. పట్టీ పక్కనే గాలి కిందికి దిగుతుంది, మేఘం ఎండిపోతుంది. కాబట్టి పట్టీకి ఆనుకుని ఉన్న ఊరికి సగటు కంటే కూడా తక్కువే. పట్టీ ఉంటుందని ఒక రోజు ముందు చెప్పగలరు. మీ ఇంటి మీదా, పదిహేను కిలోమీటర్ల అవతలా అన్నది చాలాసార్లు తుఫాను మొదలయ్యాక రాడార్ చూస్తేనే తెలుస్తుంది.

ఆ వారం యూరప్ మోడల్ నగరానికి భారీగా చూపించింది, జీఎఫ్‌ఎస్ తక్కువ చూపించింది. జీఎఫ్‌ఎస్‌ను సరిగ్గా ఆ నెలలోనే కొత్త రూపానికి మార్చారు, దాని మీద ఇంకా గురి కుదరలేదు. పేరున్న మోడల్‌నే నమ్మారు. తర్వాత మౌంట్ హోలీ ఆఫీసు అధికారి గ్యారీ షట్కోవ్‌స్కీ ట్విటర్‌లో క్షమాపణ చెప్పారు. సర్వీస్ డైరెక్టర్ లూయిస్ ఉచెలీనీ, అనిశ్చితిని ప్రజలకు ఇంకా బాగా చెప్పి ఉండాల్సిందన్నారు. మా దృష్టిలో రెండో మాటే ముఖ్యం. 20–30 అన్న అంచనాలో 10 అనే అవకాశం అసలు లేనట్టే వినిపించింది. కానీ లెక్కల్లో ఆ అవకాశం ఉంది.

2017 మార్చి 14 కథ ఇంకొంచెం వేరు. అప్పుడు న్యూయార్క్‌కు 18–24 అన్నారు. ముందురోజు మధ్యాహ్నానికే కొన్ని లెక్కలు తగ్గుముఖం పట్టాయి. అయినా చివరి నిమిషంలో అంకె తగ్గిస్తే, మళ్లీ పెంచాల్సి వస్తే, జనం అయోమయంలో పడతారని తగ్గించలేదు. పడింది 7.6 అంగుళాలు, దాని మీద ఐసు గింజలు. చెప్పిన మాట మీద నిలబడటం మామూలుగా మంచి గుణమే. వాతావరణం చెప్పేవాళ్లకు మాత్రం అది పనికిరాదు.

ప్రశ్న: మాకు 8 అంగుళాలన్నారు. రాత్రంతా కిటికీ అద్దాల మీద ఇసుక చల్లినట్టు చప్పుడు. తెల్లారి చూస్తే రెండు అంగుళాలు, అదీ పార దిగనంత గట్టిగా ఉంది. ఏమిటది?
– కేరీ, నార్త్ కరొలైనా

జవాబు: అది స్లీట్. తెలుగులో ఐసు గింజలు అనుకుందాం. మీకు పడాల్సిన నీరు పడింది, రూపం మారింది.

మేఘంలో పుట్టేటప్పుడు అది మంచు పలుకే. దిగే దారిలో ఒకటిన్నర, రెండు కిలోమీటర్ల ఎత్తున దక్షిణం నుంచి వచ్చిన వెచ్చని పొర తగులుతుంది. ఆ పొర సున్నా కంటే ఒక డిగ్రీ లోపే వెచ్చగా ఉంటే పలుకు అంచులు మెత్తబడి, మంచుగానే నేలకు చేరుతుంది. ఒకటి నుంచి మూడు డిగ్రీలైతే సగం కరిగి, కింది చలిలో మళ్లీ గడ్డకట్టి గింజ అవుతుంది. మూడు దాటితే పూర్తిగా కరిగి చుక్క అవుతుంది. నేల దగ్గరి చలిపొర పల్చగా ఉంటే ఆ చుక్క గాలిలో గడ్డకట్టదు. కొమ్మకో తీగకో తగిలి అక్కడ గడ్డకడుతుంది. పావు అంగుళం మందాన పట్టిందంటే కొమ్మలు విరుగుతాయి, కరెంటు పోతుంది. మొత్తం తేడా రెండు మూడు డిగ్రీలు, అదీ కంటికి కనిపించని ఎత్తులో. మీ ప్రాంతంలో అపలాచియన్ కొండలకు తూర్పున చలిగాలి నేలబారుగా ఇరుక్కుపోతుంది. దాని మీద వెచ్చగాలి ఎక్కుతుంది. అందుకే న్యూజెర్సీ కంటే మీకు ఈ బెడద ఎక్కువ.

లోతు లెక్క ఇలా ఉంటుంది. 20 మిల్లీమీటర్ల నీరు మామూలు మంచుగా పడితే దానికి పదింతల లోతు, అంటే 8 అంగుళాలు. అదే నీరు గింజలుగా పడితే రెండు మూడింతలే, అంటే మీరు కొలిచిన రెండు అంగుళాలు. ఫేస్‌బుక్‌లో తిరిగే రంగుల పటాల్లో చాలావాటికి ఈ తేడా తెలియదు. గింజల నీటిని కూడా పదింతలు చేసి మంచుగా చూపిస్తాయి. దక్షిణాది రాష్ట్రాల మీద భారీ మంచు చూపే ఊదారంగు పటం కనిపిస్తే ముందు ఆ అనుమానం పెట్టుకోండి.

తప్పు ఎప్పుడూ ఒకవైపే జరగదు. 2000 జనవరి 24–25న మీ పక్కన రాలీలో, ముందురోజు దాకా తుఫాను సముద్రం మీదుగా పోతుందనే మోడళ్లు చెప్పాయి. విమానాశ్రయంలో 20.3 అంగుళాలు పడింది.

ప్రశ్న: హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటుతుందని ముందే చెప్పారు. అంత బాగా చెప్పగలిగినప్పుడు అమెరికాలో మంచుకెందుకు తడబడతారు?
– విశాఖపట్నం

జవాబు: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ దారి బాగానే చెప్పారు. కానీ పోలిక చూడండి. మన వాతావరణ శాఖ తుఫాను దారి అంచనాలో 24 గంటల ముందు సగటు తేడా సుమారు 75 కిలోమీటర్లు. మీకు ఆ తేడాతో పెద్ద ఇబ్బంది లేదు. తీరం పొడవునా జనాన్ని ఖాళీ చేయిస్తారు, పడేది ఎలాగూ వానే. న్యూయార్క్‌లో 2015 నాటి తేడా కూడా దాదాపు అంతే, అయినా 25 అంగుళాలు కాస్తా పది అయ్యాయి. మంచుకు దారితోపాటు పొరల వేడిమి తెలియాలి, ఎంత నీరో తెలియాలి, ఆ నీరు ఎంత గుల్లగా పడుతుందో తెలియాలి. మేఘంలో మైనస్ 12 నుంచి మైనస్ 18 డిగ్రీల పొర దట్టంగా ఉంటే పలుకులు నక్షత్రాల్లా పెరిగి పదిహేను ఇరవై ఇంతలు పొంగుతాయి. సున్నా దగ్గరైతే తడిసి ఐదింతలకే కుంగుతాయి. ఒకదాని మీద ఒకటి నాలుగు అంచనాలు. నిజానికి మన తుఫాన్లలో కూడా ఏ మండలంలో ఎన్ని సెంటీమీటర్ల వాన అని అడిగితే ఇదే తడబాటు కనిపిస్తుంది. అలా ఎవరూ అడగరు కాబట్టి పేరు నిలుస్తోంది.

ప్రశ్న: జనవరిలో మా అమ్మాయి దగ్గరికి బోస్టన్ వెళ్తున్నాం. తుఫాను సంగతి ఎన్ని రోజుల ముందు తెలుస్తుంది? టికెట్ ఎప్పుడు మార్చుకోవాలి?
– హనుమకొండ

జవాబు: వారం ముందు వచ్చే మాటను పట్టించుకోకండి. ఐదు రోజుల ముందు తుఫాను ఉంటుందా ఉండదా అన్నది కొంత తెలుస్తుంది. రెండు మూడు రోజుల ముందు వాచ్ అనే మొదటి హెచ్చరిక ఇస్తారు, జరిగే అవకాశం సగమైనా ఉందని దాని అర్థం. సుమారు 80 శాతం నమ్మకం కుదిరాక, సాధారణంగా ఒక రోజు ఒకటిన్నర రోజు ముందు, వార్నింగ్ వస్తుంది. మీకు ప్రయాణమే ఒక రోజు కాబట్టి వాచ్ వచ్చిన రోజే మేలుకోవాలి. ఆ సమయానికి విమాన కంపెనీలు తరచుగా ట్రావెల్ వేవర్ ప్రకటిస్తాయి. ఫలానా విమానాశ్రయాలు, ఫలానా తేదీలు, అదనపు డబ్బు లేకుండా మార్చుకోవచ్చు అని సైట్‌లో పెడతారు. ప్రకటించిన గంటలోనే మార్చుకుంటే సీట్లుంటాయి. విమానాలు అక్కడ చిక్కుకుపోకుండా ముందురోజే రద్దు చేయడం కూడా మామూలే. హైదరాబాదు నుంచి బోస్టన్ దాకా ఒకే టికెట్ మీద ఉండటం ముఖ్యం. రెండు వేర్వేరు టికెట్లయితే మొదటిది ఆలస్యమై రెండోది పోయినా ఎవరూ బాధ్యులు కారు. కంపెనీయే రద్దు చేసి, మీరు వేరే విమానం వద్దనుకుంటే అమెరికా నిబంధనల ప్రకారం డబ్బు తిరిగి వస్తుంది. వాతావరణం వల్ల రద్దయితే హోటల్ ఖర్చు ఇవ్వాలన్న నియమం మాత్రం లేదు. అందుకని మందులు చేతిసంచిలోనే పెట్టుకోండి.

ప్రశ్న: మా పెరట్లో 11 అంగుళాలు కొలిచాను. వార్తల్లో మా ఊరికి 8 అన్నారు. ఎవరిది తప్పు?
– ఫ్రేమింగ్‌హామ్, మసాచుసెట్స్

జవాబు: బహుశా గడ్డి మీద కొలిచి ఉంటారు. గడ్డి కింద గాలి ఉంటుంది, ఒకటి రెండు అంగుళాలు అక్కడే కలుస్తాయి. తెల్ల రంగు వేసిన, 16 అంగుళాల చదరపు ప్లైవుడ్ పలక ఇంటికీ చెట్లకూ దూరంగా పెట్టి, దాని మీద కొలవాలి. గాలి కుప్పలు పోసి ఉంటే నాలుగైదు చోట్ల కొలిచి సగటు తీయండి. ఆరు గంటలకు ఒకసారి కంటే ఎక్కువగా పలక తుడవకూడదు. గంట గంటకూ తుడిచి కూడితే మంచు తన బరువుకు కుంగే అవకాశం ఉండదు, మొత్తం ఎక్కువ వస్తుంది. రికార్డుల మీద గొడవలు చాలావరకు ఇక్కడే పుడతాయి.

ప్రశ్న: బఫెలోలో ఇల్లు చూస్తున్నాం. అక్కడి మంచును కూడా ఇలాగే తప్పుగా చెబుతారా?
– హైదరాబాదు

జవాబు: అక్కడిది తుఫాను మంచు కాదు, చెరువు మంచు. ఈరీ సరస్సు నీటికీ ఒకటిన్నర కిలోమీటర్ల పైనున్న గాలికీ 13 డిగ్రీల తేడా ఉంటే చాలు, సరస్సు పొడవునా వీచే గాలి సన్నని పట్టీగా మంచు మోసుకొస్తుంది. వస్తుందని రెండు మూడు రోజుల ముందే చెబుతారు. గాలి దిశ ఐదు పది డిగ్రీలు మారితే పట్టీ వేరే వీధికి పోతుంది. 2014 నవంబరులో దక్షిణ, తూర్పు శివార్లలో ఐదడుగులకు పైగా పడితే నగరానికి ఉత్తరాన కొద్ది అంగుళాలే. ఇల్లు కొనేముందు దక్షిణ శివార్లా, ఉత్తరమా అని అడగండి.

ప్రశ్న: అంకె మీద నమ్మకం లేనప్పుడు ఇంటి దగ్గర దేన్ని బట్టి సిద్ధం కావాలి?
– ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ

జవాబు: అంగుళాలు వదిలేసి రెండు సంగతులు చూడండి: మొత్తం నీరెంత, చివర్లో ఏం పడుతుంది.

నీటి అంచనా లోతు అంచనా కంటే నిలకడగా ఉంటుంది. డ్రైవ్‌వే 12 మీటర్ల పొడవు, మూడున్నర మీటర్ల వెడల్పు అనుకోండి. 25 మిల్లీమీటర్ల నీరు పడితే దాని మీద చేరే బరువు టన్ను పైనే. అది 5 అంగుళాల తడి మంచుగా పడినా, 15 అంగుళాల దూదిలా పడినా మీ నడుము ఎత్తాల్సింది అదే టన్ను. కాబట్టి నాలుగేసి అంగుళాలకు ఒకసారి ఎత్తేయండి, ఆగాక ఒకేసారి అనుకోవద్దు. గుండె జబ్బున్నవాళ్లు పార ముట్టుకోకూడదు.

మంచు మీద వాన పడి, రాత్రికి మైనస్ 8కి దిగుతుందని చెబితే, గడ్డకట్టే లోపు ఎత్తేయాలి, లేదంటే తెల్లారి గడ్డపలుగు కావాల్సి వస్తుంది. మామూలు రాతి ఉప్పు సుమారు మైనస్ 9 దాకా పనిచేస్తుంది. అంతకంటే చలైతే కాల్షియం క్లోరైడ్ కొనండి. రాతి ఉప్పు ఒక కాఫీ మగ్గు నిండా, అంటే 350 గ్రాములు, 45 చదరపు మీటర్లకు సరిపోతుంది. సంచులు సంచులు పోస్తే కాంక్రీటు పెచ్చులూడుతుంది, పచ్చిక మాడుతుంది.

హీటర్ గాలి పీల్చి వదిలే తెల్ల పైపులు చాలా ఇళ్లకు పక్కగోడలో, నేలకు అడుగు రెండడుగుల ఎత్తునే ఉంటాయి. గాలికి అక్కడ కుప్ప పేరుకుంటుంది. అవి మూసుకుపోతే హీటర్ ఆగిపోవచ్చు, లేదా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి రావచ్చు. దానికి వాసన ఉండదు. దాన్ని పసిగట్టే అలారంలో బ్యాటరీ ముందురోజే మార్చండి. తుఫాను నడుస్తుండగా ఒకసారి బయటికి వెళ్లి ఆ పైపుల చుట్టూ రెండడుగుల మేర తవ్వి రండి. కారు స్టార్ట్ చేసేముందు పొగగొట్టం దగ్గర కూడా అంతే.